రాజుగారి తోట, ప్రజల తోట: పీటర్ యోసెఫ్ లెన్నె కృషి

రెండేళ్ళ క్రితం మా ఊళ్ళో జరిగిన ఒక సాహిత్య గోష్ఠిలో ఒక యువకవి మునిసిపల్ పార్కు మీద కవిత చదివాడు. చెట్లు, నీళ్ళు, సాయంకాలం బెంచీల మీద కూర్చునే ముసలివాళ్ళు - ఇదీ వస్తువు. అధ్యక్షస్థానంలో ఉన్న నేను నా వంతు వచ్చినప్పుడు, "ప్రజలు ఇన్ని సమస్యలతో సతమతమవుతుంటే పూలతోటల వర్ణన పలాయనవాదం కాదా?" అని కాస్త గట్టిగానే అన్నాను. సభ ముగిశాక ఆ కుర్రవాడు నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, మా నాన్న ఆ పార్కులో మాలీ అండీ. నేను రాసింది పూల గురించి కాదు" అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. కాగితం అడిగి తీసుకుని ఇంటి దగ్గర మళ్ళీ చదివాను. నీళ్ళగొట్టం పట్టుకున్న చెయ్యి ఒకటి ఆ కవితలో ఉంది. విన్నప్పుడు నాకది వినిపించలేదు.

ఆ తర్వాత తోటల చరిత్ర గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. తెలుగు ఎం.ఏ. చదివిన మాకు ఉద్యానవన వర్ణన అష్టాదశ వర్ణనల్లో ఒకటిగానే పరిచయం. పూలు కోసే చెలికత్తెలు, తుమ్మెదలు, మలయమారుతం ఉంటాయి. ఆ తోటకు నీళ్ళు పోసినవాడెవడు, దాని గోడ ఎంత ఎత్తు, లోపలికి ఎవరికి ప్రవేశం అన్న ప్రశ్నలు మాకు ఎవరూ వేయలేదు, మేమూ వేసుకోలేదు. ఈ ప్రశ్నలకు జవాబు వెదికే క్రమంలో నాకు ఎదురైనవాడు జర్మన్ ఉద్యానశిల్పి పీటర్ యోసెఫ్ లెన్నె. యాభై ఏళ్ళు ప్రష్యా రాజుల కొలువులో పనిచేసిన మనిషి అతడు. అయినా ప్రజల తోట అన్న భావన జర్మనీలో రూపుదాల్చిన చరిత్రలో అతని పేరు లేని అధ్యాయం ఉండదు. ఈ వైరుధ్యమే నన్ను ఆకర్షించింది. దాన్ని సాహిత్య మిత్రుల ముందు పెట్టడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఉద్యానశిల్పం అంటే ఏమిటో చూద్దాం. ఇది పూలమొక్కలు పెంచే విద్య ఒక్కటే కాదు. నేల ఎత్తుపల్లాలు, నీరు, చెట్ల గుంపులు, బాటలు, మధ్యలో వదిలిన ఖాళీ, దూరాన కనిపించే గోపురం - వీటన్నిటినీ కూర్చి ఒక దృశ్యంగా మలిచే కళ. చిత్రకారుడు తన బొమ్మను తన కళ్ళతో చూసుకోగలడు. ఉద్యానశిల్పి ఇవాళ నాటిన మొక్క తను అనుకున్న రూపానికి వచ్చేసరికి అతను బతికి ఉంటాడో లేదో తెలియదు. ఈ కళకు ముడిసరుకు భూమి. కాబట్టి భూమి ఎవరి చేతుల్లో ఉంటే ఈ కళ వారి ఇంటి గుమ్మం ముందు నిలబడక తప్పలేదు.

పదిహేడో శతాబ్దపు ఫ్రాన్సులో వెర్సాయ్ తోట గీత గీసినట్టు ఉంటుంది. బాటలన్నీ రాజుగారి మేడ నుంచి బయలుదేరుతాయి. చెట్లు కూడా సైనికుల్లా వరసగా నిలబడతాయి. నిరంకుశ రాజరికానికి అది నేల మీద గీసిన బొమ్మ. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండు భూస్వాములు దీనికి విరుద్ధంగా సహజంగా కనిపించే తోటలు వేయించారు. వంకర తిరిగే బాటలు, పచ్చిక మైదానాలు, చెరువులు వచ్చాయి. చూడటానికి స్వేచ్ఛగానే ఉంటుంది. కానీ ఆ స్వేచ్ఛ ఎవరిది? డోర్సెట్‌లో మిల్టన్ ప్రభువు తన తోట చూపుకు అడ్డంగా ఉందని ఒక చిన్న పట్టణాన్నే తొలగించి, అక్కడివారి కోసం 1780 ప్రాంతంలో మిల్టన్ అబ్బాస్ అనే కొత్త గ్రామం కట్టించాడు. సహజత్వం పేరుతో తయారయ్యే దృశ్యం వెనక ఎవరో ఒకరు తరలిపోయి ఉండవచ్చునన్నది మనం గుర్తుంచుకోవలసిన విషయం.

1789 జూలైలో పారిస్ ప్రజలు బాస్టిల్ కోటను పడగొట్టారు. ఆగస్టులో బవేరియా పాలకుడు కార్ల్ థియొడోర్ మ్యూనిక్‌లో ప్రజల కోసం ఇంగ్లీషు తోట వేయించడానికి ఆజ్ఞ ఇచ్చాడు. సెప్టెంబరు 29న బాన్ నగరంలో లెన్నె పుట్టాడు. ఈ మూడూ ఒకే ఏడాది జరగడం యాదృచ్ఛికమే. అయితే అతని జీవితమంతా ఆ ఏడాది లేచిన ప్రశ్నల నీడలోనే నడిచింది.

లెన్నె వంశం తోటమాలుల వంశం. తండ్రి కొలోన్ ఎలెక్టర్ కొలువులో ఆస్థాన ఉద్యానపాలకుడు. కొడుకు 1805 నుంచి 1808 దాకా బ్రూల్‌లో బంధువు దగ్గర పని నేర్చుకున్నాడు. 1811లో పారిస్ వెళ్ళాడు. విప్లవం తర్వాత రాజుగారి మూలికల తోట అక్కడ ప్రజల విజ్ఞానశాలగా మారింది. అందులో వృక్షశాస్త్రజ్ఞుడు ఆంద్రే తూఆఁ దగ్గర చదువుకున్నాడు. మ్యూనిక్‌లో ఇంగ్లీషు తోటను తీర్చిదిద్దిన స్కెల్‌ను కలిశాడు. వియన్నా దగ్గర లాక్సెన్‌బుర్గ్‌లో కొంతకాలం పనిచేశాడు. 1816లో బెర్లిన్‌కు సమీపంలోని పోట్స్‌డామ్‌లో రాజోద్యానాలలో సహాయక తోటమాలిగా చేరాడు. అప్పటికి వయసు 26. తరవాతి కాలంలో ఆ ఉద్యానాలన్నిటికీ డైరెక్టరయ్యాడు. 1866 జనవరి 23న చనిపోయేదాకా పోట్స్‌డామే అతని ఊరు.

నెపోలియన్ యుద్ధాలతో ప్రష్యా ఖజానా ఖాళీ అయిన రోజులవి. సాన్‌సూసీ రాజోద్యానాన్ని సమూలంగా మార్చాలని లెన్నె చేరిన ఏడాదే ఒక పెద్ద పటం గీశాడు. అది పూర్తిగా అమలు కాలేదు. కానీ పోట్స్‌డామ్ చుట్టూ హావెల్ నది సరస్సుల్లా విప్పారిన ప్రాంతంలో అతను దశాబ్దాలపాటు ఒక్కొక్క తోటనే పక్కతోటతో కలుపుతూ వచ్చాడు. భవనశిల్పులు షింకెల్, పెర్సియుస్ అతనికి తోడయ్యారు. గ్లీనికె, నెమళ్ళ దీవి, షార్లొటెన్‌హోఫ్, బాబెల్స్‌బెర్గ్ ఈ క్రమంలో వచ్చినవే. అతని ముఖ్య సాధనం చూపుబాట. ఒక గుట్ట మీద నిలబడితే చెట్ల మధ్య సందులోంచి, నీళ్ళ మీదుగా, అవతలి ఒడ్డున ఉన్న మేడ కనిపించాలి; అక్కడ నిలబడితే మరొకటి. ఎక్కడ నాటాలో తెలిసినవాళ్ళు చాలామంది ఉంటారు. ఎక్కడ నాటకూడదో తెలియడం లెన్నె ప్రత్యేకత. కవిత్వం రాసేవారికి ఈ సంగతి వేరే వివరించనక్కర లేదు.

ఇదంతా రాజుల కోసం చేసిన పని. ఇంతటితో ఆగితే అతని గురించి ఈ పత్రికలో రాయవలసిన అవసరం నాకు కనిపించేది కాదు.

1824లో మాగ్డెబుర్గ్ నగరం లెన్నెను పిలిచింది. క్లోస్టర్‌బెర్గె అనే పాత మఠం యుద్ధకాలంలో ఫ్రెంచివారి హయాంలో నేలమట్టమైంది. ఆ స్థలంలో పౌరుల కోసం తోట వేయాలని మేయర్ ఫ్రాంకె నాయకత్వాన నగరపాలన నిర్ణయించింది. ఇక్కడ ఒక సూక్ష్మమైన తేడా గమనించాలి. మ్యూనిక్ తోట పాలకుడు దయతలచి ప్రజలకు తెరిచింది. మాగ్డెబుర్గ్ తోట పౌరులు తమ నగర నిధులతో తమకోసం వేసుకున్నది. ప్రభువులూ ధనవంతులూ తోటలు వేయించడం మామూలేననీ, ఒక మునిసిపాలిటీ ఇలాంటి పనికి పూనుకోవడం తన అనుభవంలో ఇదే మొదలనీ లెన్నె స్వయంగా గుర్తించి రాశాడు. దానం వేరు, హక్కు వేరు. తోటల చరిత్రలో ఈ తేడాను చూసిన కళాకారుడు సామాన్యుడు కాదు.

అదే కాలంలో అతను మరో పని చేశాడు. 1822లో ఉద్యానకృషి అభివృద్ధి సంఘం స్థాపనలో పాల్గొన్నాడు. 1823లో తోటమాలుల శిక్షణశాల, రాష్ట్ర నర్సరీ ఏర్పడ్డాయి. తండ్రి నుంచి కొడుక్కి గుట్టుగా అందుతున్న వృత్తివిద్య పాఠశాలకు వచ్చింది. రోడ్ల పక్కన, ఊళ్ళలో నాటడానికి మొక్కలు ఆ నర్సరీ నుంచి వెళ్ళాయి. 1840ల్లో బోర్నిమ్ గ్రామ పొలాల్లో చెట్ల వరసలు, బాటలు వేసి, సేద్యానికి భంగం లేకుండా అందం తేవచ్చునని చూపాడు. అందానికీ ప్రయోజనానికీ వైరం లేదన్నది అతని విశ్వాసం.

బెర్లిన్‌లోని టీర్‌గార్టెన్ ఒకప్పుడు పాలకుల వేటస్థలం. పద్దెనిమిదో శతాబ్దం నడుమ ఫ్రెడరిక్ 2 కాలంలో అది ప్రజలు తిరిగే ఉపవనంగా మారింది. 1833 నుంచి 1840 దాకా లెన్నె దాని చిత్తడి నేలలోని నీరు తీయించి, సూటిబాటల మధ్య వంకర బాటలు, పచ్చికలు, సరస్సులు కూర్చి ఈనాటి రూపానికి పునాది వేశాడు. కార్ల్ మార్క్స్ విద్యార్థిగా బెర్లిన్‌లో ఉన్నది 1836 నుంచి 1841 వరకు. ఆ యువకుడు హెగెల్‌తో కుస్తీ పడుతున్న రోజుల్లోనే ఆ నగరం నడుమ ఈ పని సాగుతోంది.

1840లో లెన్నె బెర్లిన్ నగరం మొత్తానికి ఒక పథకం గీశాడు. కాలువలు, చెట్ల వీధులు, చౌకులు ఒకదానితో ఒకటి కలిసే పథకం. కర్మాగారాలు పెరిగి, పల్లెల నుంచి కూలీలు వెల్లువగా వచ్చిపడుతున్న నగరం అది. లాండ్‌వేర్ కాలువను 1845 నుంచి 1850 దాకా తవ్వారు. 1848లో లూయీసెన్‌ష్టాట్ కాలువ పని మొదలైంది. ఈ రెండోదాని కథ అభ్యుదయ రచయితలు తప్పక తెలుసుకోవలసినది.

1848 మార్చిలో బెర్లిన్ వీధుల్లో బారికేడ్లు లేచాయి. ప్రజలు రాజసైన్యంతో పోరాడారు. ఆ ఏడాది నిరుద్యోగం తీవ్రంగా ఉంది. కాలువ తవ్వకం కొంతవరకు ఉపాధి పనిగానే సాగింది. పార పట్టిన చేతులు పని దొరకని కార్మికులవి. నీరు తోడడానికి అక్కడ ఆవిరి పంపు తెచ్చి పెట్టారు. ఆ యంత్రం తమ కూలి పోగొడుతుందన్న భయంతో అక్టోబరులో కార్మికులు దాన్ని ధ్వంసం చేశారు. అక్టోబరు 16న పౌరరక్షక దళానికీ కార్మికులకూ ఘర్షణ జరిగింది. దళం కాల్పులు జరిపింది. కార్మికులు చనిపోయారు. మార్చిలో రాజుకు ఎదురు నిలిచి పొందిన హక్కులో భాగంగా ఏర్పడిన పౌరదళమే అక్టోబరులో కూలివాడి మీద తుపాకి పేల్చింది. మధ్యతరగతి విప్లవం ఎక్కడ ఆగిపోతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. ఆ కాలువ గీత గీసింది లెన్నె. మట్టి తవ్వింది వాళ్ళు. పటం మీద ఒక పేరే ఉంది.

ఇదే కాలంలో పోట్స్‌డామ్‌లో మరో ఆవిరి యంత్రం పనిచేస్తోంది. సాన్‌సూసీలో నీటి చిమ్మెనలు ఎగరాలని ఫ్రెడరిక్ 2 ఎన్నో ఏళ్ళు ప్రయత్నించి విఫలమయ్యాడు. 1842లో ఫ్రెడరిక్ విలియం 4 కాలంలో ఆవిరి యంత్రం ఆ పని సాధించింది. ఆ యంత్రాన్ని దాచడానికి పెర్సియుస్ మసీదు ఆకారంలో భవనం కట్టాడు. పొగగొట్టం మినారులా కనిపిస్తుంది. చిమ్మెన చూసి ఆనందించే రాజుగారికి బొగ్గుపొగ గుర్తు రాకూడదు. ఒకచోట యంత్రం రాజు వినోదానికి నీళ్ళు చిమ్మింది. మరోచోట అలాంటి యంత్రమే కూలివాడి అన్నంలో మట్టి కొడుతుందని అనిపించింది. ఆరేళ్ళ తేడాలో, దగ్గర దగ్గరగా ఉన్న రెండు నగరాల్లో జరిగిన ఈ రెండు దృశ్యాలను పక్కపక్కన పెడితే పంతొమ్మిదో శతాబ్దపు ప్రష్యా మొత్తం కనిపిస్తుంది.

లెన్నె దగ్గర పటాలు గీస్తూ ఎదిగినవాడు గుస్టావ్ మేయర్. బెర్లిన్ తూర్పున, శ్రామికుల పేటలకు దగ్గరగా, ఫ్రీడ్రిష్‌హైన్ ప్రజోద్యానాన్ని 1846-48 మధ్య నగరపాలన కోసం అతను రూపొందించాడు. పడమట టీర్‌గార్టెన్ ఉన్నట్టే తూర్పునా తోట ఉండాలన్న ఆలోచన గురువుదే. మార్చి పోరాటంలో మరణించినవారిని 1848 మార్చి 22న పెద్ద ఊరేగింపుగా తీసుకువెళ్ళి ఖననం చేసింది ఆ తోట ఆవరణలోనే. మేయర్ 1870లో బెర్లిన్ నగరపు మొట్టమొదటి ఉద్యాన డైరెక్టరయ్యాడు. హుంబోల్ట్‌హైన్, ట్రెప్టో తోటలు అతనివి. వాటిలో పిల్లలు ఆడుకునే మైదానాలు వచ్చాయి. గురువు రాజుగారి ఉద్యోగి, శిష్యుడు నగరపాలన ఉద్యోగి. ఒక్క తరంలో జరిగిన ఈ మార్పు చిన్నది కాదు.

అయితే ఈ తోటల పక్కనే ఏమి లేచిందో కూడా చెప్పాలి. 1853 నాటి కట్టడాల నిబంధన ప్రకారం బెర్లిన్ అద్దె ఇళ్ళలో లోపలి పెరడు ఉండవలసిన కనీస కొలత 5.34 మీటర్ల చదరం. అగ్నిమాపక బండి తిరగడానికి ఎంత చోటు కావాలో అంతే లెక్క. మనిషికి ఎంత వెలుతురు కావాలన్న లెక్క కాదు. అలాంటి పెరళ్ళ చుట్టూ వేలాది కుటుంబాలు గదికొకటిగా బతికాయి. తోట ఇచ్చిన చేతులే ఇల్లు ఇవ్వలేదు. ప్రజోద్యానం సమస్యను పరిష్కరించిందని చెప్పే ధైర్యం నాకు లేదు. సమస్య మధ్య ఊపిరి తీసుకునే చోటు మాత్రం ఇచ్చింది.

ఇక లెన్నె చనిపోయాక అతని తోటల మీద, కాలువల మీద చరిత్ర రాసిన రాతలు చూడాలి. 1919 జనవరి 15న కార్ల్ లీబ్‌నెక్ట్‌ను టీర్‌గార్టెన్‌లో కొత్త సరస్సు దగ్గర కాల్చిచంపారు. అదే రాత్రి రోజా లక్సెంబర్గ్‌ను చంపి శవాన్ని లాండ్‌వేర్ కాలువలో పడేశారు. సరస్సు లెన్నె వేసింది, కాలువ లెన్నె గీసింది. అందమైన చోటు దానంతట అది మనిషిని మంచివాడిగా మార్చదన్న కఠిన సత్యం ఆ నీళ్ళ ఒడ్డున ఉంది. ఈనాడు రెండుచోట్లా స్మారక చిహ్నాలున్నాయి.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన చలికాలాల్లో బెర్లిన్ ప్రజలు టీర్‌గార్టెన్ చెట్లను వంటచెరకుగా నరుక్కున్నారు. పచ్చికల్లో బంగాళాదుంపలు, కూరగాయలు వేసుకున్నారు. రెండు లక్షలకు పైగా ఉన్న చెట్లలో మిగిలినవి సుమారు 700. దీన్ని విధ్వంసమంటారు కొందరు. నేనలా అనలేను. చలితో, ఆకలితో ఉన్నవాడి చేతికి తోట అన్నమూ నిప్పూ అయింది. 1949 మార్చి 17న నగర మేయర్ ఎర్నెస్ట్ రాయిటర్ మళ్ళీ మొదటి మొక్క నాటాడు. ఆకలి తీరగానే జనం చెట్టు కావాలన్నారు. అన్నం ముందా, అందం ముందా అన్న మన పాత వాదానికి ఆ ప్రజలు తమ బతుకులతో జవాబు చెప్పారనుకుంటాను.

1961లో లేచిన బెర్లిన్ గోడ లూయీసెన్‌ష్టాట్ కాలువ దారిలో కొంతమేర నడిచింది. 1920ల చివర్లోనే ఆ కాలువను పూడ్చి తోట చేశారు. ఆ తోట మీద ముళ్ళతీగ పడింది. పోట్స్‌డామ్ వైపు బాబెల్స్‌బెర్గ్ తోట ఒడ్డు కాపలా మేఖలగా మారింది. ఒడ్డు నుంచి ఒడ్డుకు లెన్నె వేసిన చూపుబాటలు మూసుకుపోయాయి. శ్రామికుల పేరుతో ఏర్పడిన ప్రభుత్వం ఆ పని చేసిందన్న నిజాన్ని మనం దాటవేయకూడదు. 1989లో గోడ తెరుచుకుంది. 1990లో ఆ ఉద్యాన సముదాయాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కాలువ తోటను కూడా తర్వాత పునరుద్ధరించారు.

ఇప్పుడు విమర్శకు సంబంధించిన ప్రశ్న. లెన్నెను మనం ఎలా అంచనా వెయ్యాలి? ఇలాంటి సందర్భాల్లో మనకు అలవాటైన సమాధానం ఒకటుంది. బాల్జాక్ రాజరిక పక్షపాతి అయినా అతని నవల ఆ పక్షపాతాన్ని దాటి నిజం చెప్పిందని 1888 నాటి ఒక లేఖలో ఎంగెల్స్ వివరించాడు. ఆ సూత్రాన్నే లెన్నెకు వర్తింపజేసి సరిపెట్టుకోవచ్చు. కానీ అది ఇక్కడ పూర్తిగా అతకదని నా అభిప్రాయం. నవల వైరుధ్యాన్ని చూపగలదు. తోట దాన్ని దాచగలదే తప్ప చూపలేదు. పొగగొట్టం మినారుగా కనిపించడమే దానికి సాక్ష్యం. కాబట్టి తోటను లోపల ఉన్న దృశ్యంతోనే కొలిస్తే చాలదు. దాని గేటు దగ్గర నిలబడి కొలవాలి. ఎవరు తవ్వారు, ఎవరు నీళ్ళు పోశారు, ఎవరు లోపలికి రాగలుగుతున్నారు - ఈ మూడు ప్రశ్నలూ వేయాలి. ఈ కొలతతో చూస్తే గ్లీనికె తోట కంటే మాగ్డెబుర్గ్ తోట గొప్పది, దృశ్యంలో దానికంటే తక్కువదైనా సరే. లెన్నె కొలువుదారు, ఆ పరిమితి అతనిది. కొలువులో నేర్చిన విద్యను కొలువు గోడ దాటించడం కూడా అతనిదే.

మన ప్రబంధాల ఉద్యానవన వర్ణనలను కూడా ఇలా గేటు దగ్గర నిలబడి చదవమని సాహిత్య విద్యార్థులను కోరుతున్నాను. వాటిని తీసి పారేయమని కాదు. ఆ తోటలో కనిపించనివాళ్ళెవరో వెదకమని.

అన్నిటికంటే ముందు ఈ ప్రశ్నలు నాకే వర్తిస్తాయి. ఆ గోష్ఠిలో నేను "పార్కు" అన్న మాట విని తీర్పు చెప్పాను. కవితలో పనిచేస్తున్న చెయ్యిని వినలేదు. వస్తువు పేరు చూసి ఇది అభ్యుదయం, ఇది పలాయనం అని ముద్ర వేసే అలవాటు మా తరం విమర్శకుల్లో బలంగా ఉంది. నాలో మరీ ఉంది. కిందటి నెల గోష్ఠిలో ఆ కుర్రవాడి కవితను అతని చేతే మళ్ళీ చదివించి, నా తప్పు సభలోనే ఒప్పుకున్నాను. వాళ్ళ నాన్నగారు కూడా వచ్చారు. వెనక వరసలో కూర్చుని విన్నారు. కవిత అయిపోయాక నాతో, "కొడుకు బాగానే రాశాడు బాబూ. కానీ వేసవిలో ఆ గొట్టంలో నీళ్ళు రావు, బిందెలతో మొయ్యాలి. అది రాయలేదు" అన్నారు.

ఆ సవరణ కవిత తరవాతి ప్రతిలో చేరింది.